సంఘం కాగితాలు ఎవరి అటక మీద ఉన్నాయి?

పోయినేడాది మా తెలుగు సంఘం పాత కాగితాల కోసం వెతికాం. మొదటి ఉగాదికి ఎంతమంది వచ్చారో, హాలు అద్దె ఎంత కట్టామో ఎవరికీ గుర్తు లేదు. తీరా చూస్తే, అప్పటి కార్యదర్శి గారు ఇల్లు మారేటప్పుడు రెండు అట్టపెట్టెలు స్కిప్‌లో, అంటే చెత్త వేసే పెద్ద ఇనప తొట్టిలో, పడేశారట. "ఎవరికి పనికొస్తాయిలే అనుకున్నానండీ" అన్నారు, పాపం. ఆయన్ని ఏమంటాం? ఇన్నేళ్లలో ఆ పెట్టెలేమయ్యాయని మాలో ఒక్కరైనా అడిగితే కదా!

అప్పట్నుంచి నాది ఒకటే పాట. మన సంఘం కాగితాలు మనం ఉంటున్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆర్కైవ్‌కి, అంటే పాత రికార్డులు భద్రపరిచే చోటుకి, అప్పగించాలి.

మాది ఇంగ్లండులో బర్క్‌షైర్ కౌంటీ. 1948లో మొదలైన మా ఆర్కైవ్ రెడింగ్‌లో కోలీ అవెన్యూలో ఉంది. 1998లో బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌నే రద్దు చేశారు. దాని పనులు ఆరు కౌన్సిళ్లు పంచుకున్నాయి. ఆర్కైవ్‌ని మాత్రం పంచుకోలేదు. అన్నదమ్ములు ఇల్లూ పొలమూ విడగొట్టుకుని ఇనప్పెట్టె ఒక్కటీ ఉమ్మడిగా ఉంచుకున్నట్టు, ఆరుగురూ కలిసి దాని ఖర్చు భరిస్తున్నారు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

లోపల ఏముంటాయంటారా? ఇంగ్లండులో చర్చిలు బాప్తిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని 1538లో ఆజ్ఞ వచ్చింది. అలా మొదలైన రిజిస్టర్లు, జైలు పుస్తకాలు, భూముల దస్తావేజులు ఉన్నాయి. 1863లో తెరిచిన బ్రాడ్‌మూర్ మానసిక వైద్యశాల రికార్డులూ ఇక్కడే ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకి వేల ఉదాహరణలు పంపిన డాక్టర్ మైనర్ ఆ ఆసుపత్రిలో రోగి.

చూపించే పద్ధతి కూడా బాగుంటుంది. కేటలాగ్‌లో వెతికి నంబరు రాసిస్తే స్ట్రాంగ్‌రూమ్ నుంచి పెట్టె తెచ్చిస్తారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బరువైన పుస్తకం వెన్ను విరక్కుండా కింద స్పాంజి దిమ్మలు పెడతారు. సినిమాల్లో చూపించే తెల్ల గ్లవ్స్ కాగితాలకి అక్కర్లేదు, శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులు చాలు. గ్లవ్స్ తొడుక్కుంటే వేళ్లకి పట్టు తెలియక కాగితమే చిరుగుతుంది.

"అదంతా ఇంగ్లీషువాళ్ల చరిత్ర, మనకేంటి?" అని కమిటీలో ఒకాయన అన్నారు. రెడింగ్ పక్కనే స్వాలోఫీల్డ్ పార్క్ ఉంది. మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ పిట్ ఆ ఇల్లు కొనుక్కుని, 1726లో అక్కడే పోయాడు. ఆయన్ని కోటీశ్వరుణ్ణి చేసింది మద్రాసులో కొన్న 410 క్యారెట్ల ముడి వజ్రం. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. సాన పట్టాక ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అంటే మన మట్టికీ ఈ కౌంటీకీ లెక్క మూడొందలేళ్ల నాడే మొదలైంది. పిట్ పేరు అందరికీ తెలుసు. ఆ రాయిని తవ్విన కూలీ పేరు ఎవరికీ తెలియదు. కాగితం ఎవరిదైతే కథ వాళ్లదే అవుతుంది.

మనకీ సంగతి కొత్తేమీ కాదు. కరణాలు కవిలెలు, అంటే ఊరి లెక్కల కట్టలు, రాసి దాచబట్టే, కంపెనీ కాలంలో సర్వేలు చేసిన మెకంజీ దొర కోసం ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేయగలిగారు. వాట్సాప్ గ్రూపులో కవిలె కట్టలుండవు. ఫోను మారితే సగం ఫొటోలు పోతాయి. "గూగుల్ డ్రైవ్‌లో పెట్టేశాంగా" అంటారు కుర్రాళ్లు. దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో మొన్న మీటింగులో అడిగితే ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇచ్చేస్తే మన చేతిలోంచి పోతాయని టెన్షన్ పడక్కర్లేదు. దానంగా ఇవ్వొచ్చు, లేదా సొంతదారు హక్కు మనదగ్గరే ఉంచుకుని డిపాజిట్ చేయొచ్చు. సభ్యుల ఫోన్ నంబర్లూ అడ్రసులూ ఉన్న పుస్తకాలని ఇన్నేళ్ల వరకూ ఎవరికీ చూపించవద్దని మాట్లాడుకోవచ్చు. రోగుల వివరాలున్న ఆసుపత్రి కాగితాలని వందేళ్ల దాకా మూసి ఉంచడం ఇక్కడి అలవాటే.

మనం చేయాల్సిన పని వేరే ఉంది. తెలుగులో ఉన్న కాగితం అక్కడి ఉద్యోగికి అర్థం కాదు. ప్రతి దానికీ "ఇది ఫలానా ఏడాది సంక్రాంతి ఆహ్వానం" అని ఒక్క ఇంగ్లీషు ముక్క రాసివ్వకపోతే, అది భద్రంగా ఉండి కూడా ఎవరికీ దొరకదు. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు పెద్దవాళ్లని ఇప్పుడే అడిగి రాసుకోవాలి. పెద్దవాళ్లు ఎప్పటికీ ఉండరు కదా.

మిగిలిన కాగితాలు ఒక పెట్టెడు దొరికాయి. తుప్పు పట్టిన పిన్నులు తీస్తూ నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. లెక్కల పుస్తకం ఒక్కటీ ఇవ్వొద్దని మా కోశాధికారి గట్టిగా పట్టుబట్టారు. ఎందుకయ్యా అంటే, ఒక దీపావళికి ఇడ్లీ పిండి పులియక పారబోసి, పిజ్జాలు తెప్పించిన ఖర్చు అందులో రాసి ఉందట.

ఆ పుస్తకం నేనే ముందు పెట్టెలో పెట్టాను.