ఈవీ కొనేముందు షోరూమ్ కాదు, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ చూడండి

పోయిన నెల బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో గంటన్నర సేపు ఒకటే గొడవ. నాలుగో ఫ్లోర్‌లో ఉండే కడప అన్న కొనబోయే ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ కోసం తన పార్కింగ్ స్లాట్ దగ్గర 15 ఆంప్స్ సాకెట్ పెట్టుకుంటానన్నాడు, నా ఫ్లాట్ మీటర్ నుంచే వైర్ లాక్కుంటా, ఖర్చంతా నాదే అన్నాడు, అయినా మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఒకరేమో లోడ్ ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ పోతుందంటారు, ఇంకొకరు ఫైర్ అయితే ఎవరు బాధ్యులంటారు, మూడో ఆయన రోడ్డు మీద చార్జింగ్ స్టేషన్లు ఇన్ని ఉంటే ఇక్కడెందుకు అంటారు. సెక్రటరీ గారు నెక్స్ట్ మీటింగ్‌లో చూద్దాం లెండి అని లేచేశారు. అన్న మర్నాడే కారు బుకింగ్ క్యాన్సిల్ చేసుకున్నాడు.

న్యూస్‌లో చూస్తే ఈవీ అంటే కంపెనీల పోటీయే, ఒక్క చార్జింగ్‌తో ఎవరి బండి ఎంత దూరం పోతుంది, ఎవరి స్క్రీన్ ఎంత పెద్దది అని. కానీ నాకు తెలిసి కొనాలనుకుని వెనక్కి తగ్గినవాళ్లలో ఎక్కువ మంది ఆగింది ఇదిగో ఈ సాకెట్ దగ్గరే.

ముందు లోడ్ సంగతి. మన ఇళ్లల్లో గీజర్ 2 కిలోవాట్లు లాగుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌తో ఇచ్చే మామూలు చార్జర్ దాదాపు అందులో సగమే, చాలావాటికి ఇంకా తక్కువ. కారుని 15 ఆంప్స్ సాకెట్‌కి పెడితే 3 కిలోవాట్లు అనుకోండి, అంటే ఒక గీజర్, ఒక ఏసీ కలిపి ఆన్ చేసినట్టు. పొద్దున ఆరున్నరకి అన్ని ఫ్లాట్లలో గీజర్లు ఒకేసారి వేసినప్పుడు పోని ట్రాన్స్‌ఫార్మర్ రాత్రి పన్నెండింటికి రెండు కార్లు చార్జ్ అయితే ఎందుకు పోతుంది? రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే కారుకి ఆరేడు యూనిట్లు చాలు, రెండు మూడు గంటల పని. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే బండి చార్జ్ చేసుకోవచ్చని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ఉంది. అలాగని జాగ్రత్తలు అక్కర్లేదని కాదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి చార్జ్ చేయడం తప్పే, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంట్ ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి, ఇరవై ముప్పై కార్లు వచ్చాక బిల్డింగ్‌కి కరెంటు సంస్థ ఒప్పుకున్న శాంక్షన్డ్ లోడ్ పెంచుకోవాలి కూడా. ఫైర్ భయాన్ని నేను తీసిపారెయ్యను, 2022 ఎండాకాలంలో స్కూటర్లు తగలబడ్డ వీడియోలు అందరం చూశాం, ఆ తర్వాతే కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ టెస్టుల్ని కఠినం చేసింది.

అసలు మనకి పెట్రోల్ బంక్ అలవాటు బుర్రలోంచి పోవట్లేదు. ట్యాంక్ ఖాళీ అయ్యాక బంక్‌కి వెళ్లి ఐదు నిమిషాల్లో నింపుకోవడం, అదే లెక్కతో ఈవీని కూడా చూస్తాం, అందుకే ఫాస్ట్ చార్జర్ ఎక్కడుంది అనేదే మొదటి ప్రశ్న. ఫోన్‌ని మాత్రం పడుకునేముందు చార్జింగ్‌కి పెట్టేస్తాం, దానికోసం ఎక్కడికీ వెళ్లం కదా.

ఫాస్ట్ చార్జర్లు కావాల్సింది ఊరెళ్లేటప్పుడు. సంక్రాంతికి ముందు ఫ్రెండ్ కారులో తిరుపతి వెళ్లాం, కోలార్, ముల్బాగల్, పలమనేరు మీదుగా. మొగిలి ఘాట్ దిగేంతసేపు బ్యాటరీ పర్సెంటేజీ కదల్లేదు, దిగుడులో మోటారే జనరేటర్‌లా తిరిగి కరెంటుని వెనక్కిస్తుంది. వచ్చేటప్పుడు కథ మారింది, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైన ఉంది, తిరుపతి 160 దగ్గర, ఆ ఎత్తంతా ఎక్కాలి కాబట్టి అదే రోడ్డుకి ఎక్కువ తాగేసింది. ఒక హోటల్ దగ్గర ఆగితే అక్కడి ఫాస్ట్ చార్జర్‌కున్న రెండు గన్‌లలో (కారుకి పెట్టే ప్లగ్గులు) ఒకటి పనిచేయట్లేదు, యాప్‌లో మాత్రం అవైలబుల్ అనే ఉంది. రెండో గన్‌కి పెట్టిన కారు 86 శాతంలో ఉంది, ఓనర్ టిఫిన్ చేస్తూ ఫుల్ అయ్యాక తీస్తానన్నాడు. 80 దాటాక సెల్స్ పాడవకుండా బ్యాటరీని కాపాడే కంట్రోల్ సిస్టమ్ (బీఎంఎస్) కరెంట్ తగ్గించేస్తుంది, ఆ చివరి ఇరవై శాతం చాలా నిదానంగా ఎక్కుతుంది. అరగంటకి పైగా నిలబడ్డాం. హైవేలో 80కి తీసేసి బయల్దేరితే మీ టైమూ కలిసొస్తుంది, వెనకాల వాళ్లదీ కలిసొస్తుంది, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక కంపెనీల పోటీ. ఈ విషయంలో మన బెంగళూరుది పెద్ద చరిత్ర, రేవా ఎలక్ట్రిక్ కారు వచ్చింది 2001లో ఇక్కడి నుంచే, ఏథర్ కంపెనీ 2018లో మొదటి ఎలక్ట్రిక్ స్కూటర్ అమ్మింది ఇక్కడే. ఓలా 2021లో ఎలక్ట్రిక్ స్కూటర్లతో దిగి ధరలతో మార్కెట్‌ని ఊపేసింది, 2024లో అమ్మకాల్లో నంబర్ వన్, కానీ సర్వీస్ మీద నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి వెళ్లిన ఫిర్యాదులు 10 వేలు దాటడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అదే ఏడాది నోటీసు ఇచ్చింది. 2025 వచ్చేసరికి టీవీఎస్, బజాజ్ ముందుకెళ్లిపోయాయి. దీన్ని నేను పాత కంపెనీలు కొత్త కంపెనీని ఓడించడంగా చూడట్లేదు, ఊరూరా ఉన్న సర్వీస్ సెంటర్లు గెలిచాయి అంతే. చార్జింగ్ ప్లగ్గుల విషయం ఇంకా బాధ. ఫాస్ట్ చార్జింగ్ ఉన్న కొత్త కార్లు దాదాపు అన్నీ సీసీఎస్2 అనే ఒకే రకం ప్లగ్గుకి వచ్చేశాయి, స్కూటర్లకి మాత్రం ఏథర్ డిజైన్ చేసిన కనెక్టర్‌ని 2023లో దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ స్టాండర్డ్‌గా ఒప్పుకున్నా అన్ని కంపెనీలూ దానికి రాలేదు, దాంతో చాలాసార్లు ఒకరి ఫాస్ట్ చార్జర్ ఇంకొకరి బండికి పనికిరాదు. పెట్రోల్ బంక్‌లో బండి బ్రాండ్ అడిగితే ఒప్పుకుంటామా?

మా వీధి చివర పీజీ హాస్టల్లో మదనపల్లె కుర్రాడు ఒకడున్నాడు, డెలివరీ చేస్తాడు. రోజూ వంద కిలోమీటర్లు తిరుగుతాడు. పెట్రోల్ లీటర్ 100 దాటింది, ఎంత తక్కువేసుకున్నా రోజుకి 200 పైనే. ఎలక్ట్రిక్ స్కూటర్‌కి అదే దూరం మూడు నాలుగు యూనిట్లు, పాతికో ముప్పయ్యో రూపాయలు. ఈ లెక్క నాకంటే వాడికే బాగా తెలుసు. కానీ పీజీ ఓనర్ చార్జింగ్‌కి ఒప్పుకోడు, అందుకని వారం వారం అద్దె కట్టి ఖాళీ అయిన బ్యాటరీ ఇచ్చి నిండింది తీసుకునే బ్యాటరీ స్వాప్ బండి నడుపుతున్నాడు. "సొంత బండి అయితే ఈపాటికి ఈఎంఐ సగం తీరిపోయేదన్నా" అన్నాడు మొన్న, స్వాప్ స్టేషన్ దగ్గర బ్యాటరీ దించి కొత్తది తోస్తూ.

ఈ ఆదివారం మాకు మళ్లీ మీటింగ్ ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్కో స్లాట్‌కి సబ్‌మీటర్, ఎంసీబీ, ఎర్తింగ్ అన్నీ కలిపి కొటేషన్ తీసుకున్నాం. ఈసారి కడప అన్నతో పాటు ఇంకో ఐదు ఫ్లాట్లవాళ్లం సంతకాలు పెట్టి ఇస్తున్నాం.