తాగే నీళ్లు సరే, వండే నీళ్ల మాటేమిటి?

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లకు ఫ్లోరైడ్ బెడద పాతదే. బడిలో ఆర్వో నీళ్లు పెట్టగానే పిల్లలకు ఇక భయం లేదనుకుంటాం. ఆ నీళ్లు తాగడానికే ఉంచి, మధ్యాహ్న భోజనానికి బోరు నీళ్లు వాడితే ముప్పు కంచంలోకి వస్తుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీరొక్కటే.

ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. గంజి వార్చకుండా వండితే అన్నానికి పావు లీటరు, పప్పుచారుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకోండి, ఒక్క పూట భోజనంతోనే 1.35 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. తాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది ప్రమాణం. వేరే నీటి వనరు లేనిచోట మాత్రమే 1.5 దాకా సడలింపు.

శాశ్వత దంతాల పింగాణీ, అంటే పంటి మీది గట్టి పొర, చాలావరకు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర దెబ్బతింటుంది. హైస్కూల్లో పళ్ల మీద గోధుమ రంగు మరకలు కనిపించేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అందుకే అంగన్‌వాడీ, చిన్న బడుల వంటగదులతోనే మొదలుపెట్టాలి.

వంద మందికి అన్నానికి 25 లీటర్లు, పప్పుచారుకు 20, రాగిజావ కాచే రోజు ఇంకో 15. వెరసి 20 లీటర్ల క్యాన్లు మూడు. బియ్యం కడగడానికి, గిన్నెలు తోమడానికి బోరు నీళ్లు చాలు. నానబెట్టడానికి మాత్రం వద్దు, గింజ ఆ నీటిని పీల్చుకుంటుంది.

ఆ మూడు క్యాన్ల డబ్బు ఎవరివ్వాలి? వంట ఖర్చు లెక్కంతా పప్పు, కూరగాయలు, నూనె, దినుసులు, ఇంధనం చుట్టూనే తిరుగుతుంది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో వండిపెట్టే మహిళల మీద ఈ భారం మోపడం అన్యాయం. నీటికి విడిగా డబ్బు ఇవ్వాల్సిందే.

టీడీఎస్ మీటరు చూసి నీళ్లు మంచివని తేల్చడం ఇంకో పొరపాటు. అది కరిగిన లవణాల మొత్తాన్నే చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. పరీక్ష కిట్‌లో రసాయనం కలిపాక నీటి రంగు గులాబీ నుంచి పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. ఈ పరీక్ష బోరు నీటికొకసారి, ఆర్వో నుంచి వచ్చే నీటికొకసారి చేయాలి.

ఆటల పీరియడ్ అయ్యాక పిల్లలు బోరు నీళ్లదైనా సరే, దగ్గర్లో ఉన్న కుళాయి దగ్గరికే పరుగెడతారు. మంచినీళ్ల డ్రమ్ము స్టాఫ్ రూం వరండాలో కాదు, మైదానం అంచున ఉండాలి.