ఖాళీ చేయించక్కర్లేని సెప్టిక్ ట్యాంకు ఎక్కడ ఖాళీ అవుతోంది?

ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. సెప్టిక్ ట్యాంకుకు అడుగున కాంక్రీటు బెడ్ వేయొద్దు, సిమెంటు వరలు ఎనిమిదో పదో లోతుగా దించండి, ఏడాదికోసారి బెల్లం, ఆవుపేడ, ఈస్ట్ కలిపి పోయండి, ట్యాంకు నుంచి వచ్చే నీటికి ఇంకుడు గుంత దండగ, ఎండిపోయిన బోరుంటే ట్యాంకు పైపు అందులోకి కలిపేయండి అని. ఇలా చేస్తే జన్మలో తీయించే పనే ఉండదట. "మా ఊళ్లో 20 ఏళ్లుగా తీయని ట్యాంకులున్నాయి" అన్నది దానికి రుజువు.

ముందు ఆ రుజువు సంగతి చూద్దాం. అలాంటి ట్యాంకులున్న మాట నిజమే. మలంలో కుళ్లేది కుళ్లి కొంత గ్యాసుగా పోతుంది, కొంత నీళ్లలో కలుస్తుంది. కుళ్లని పీచు, మట్టి, ఇసుక మడ్డిగా అడుగున చేరతాయి. అది మాయమవదు. 20 ఏళ్లుగా తీయకపోయినా పొంగడం లేదంటే ఆ మురికి అడుగు నుంచో వరల అతుకుల నుంచో భూమిలోకి దిగుతుండాలి, లేదా అవుట్‌లెట్ గుండా కాలువలోకి కొట్టుకుపోతుండాలి. ఆ ట్యాంకు బాగా పనిచేస్తోందనడానికి అది రుజువు కాదు.

అడుగున బెడ్ వద్దన్న మాటకు ఒక మూలం ఉంది. అడుగు లేని డిజైను నిజంగానే ఉంది, కానీ అది సెప్టిక్ ట్యాంకు కాదు, జంట గుంతల మరుగుదొడ్డి. మీటరు వెడల్పున రెండు గుంతలు, మధ్య కనీసం మీటరు ఎడం, ఖాళీలు వదిలి కట్టిన ఇటుక గోడ, పైపును ఒకసారి ఒక గుంతకే వదిలే చిన్న చాంబర్. ఒకటి నిండాక రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ముట్టకుండా వదిలేస్తే లోపలిది పొడి ఎరువవుతుంది. మడ్డి తోడే బండి అక్కర్లేని పద్ధతంటే ఇదే. దీనికి షరతులున్నాయి: స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు అందులోకి పోకూడదు, గుంత అడుగుకూ వానాకాలపు జలమట్టానికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలి. కోనసీమలో గజం తవ్వితే నీరు తగిలే చోట ఈ లెక్క కుదరదు. సలహా రాసినవాళ్లు జంట గుంతల్లో రెండోదాన్ని, ఈ షరతులన్నిటినీ వదిలేసి, అడుగు లేకపోవడాన్ని ఒక్కదాన్నే పట్టుకున్నారు.

సెప్టిక్ ట్యాంకుకు నీరు చుక్క కూడా కారని అడుగు కావాలి. 6 అంగుళాల కాంక్రీటు బెడ్, 9 అంగుళాల ఇటుక గోడ, లోపల 1:3 సిమెంటు ప్లాస్టరింగ్. స్లాబు వేసే ముందే అవుట్‌లెట్ దాకా నీళ్లు నింపండి. మొదటి రోజు ఇటుక పీల్చుకుంటుంది, ఆ మేరకు మళ్లీ నింపి గీత పెట్టి 24 గంటలు ఆగండి. మట్టం దిగిందంటే మేస్త్రీకి డబ్బు పూర్తిగా ఇవ్వకముందే తెలిసినట్టు.

లోతు ఎంత ఉంటే అంత మంచిదన్నది సగం తప్పు కూడా కాదు, పూర్తి తప్పు. మడ్డి దిగాలంటే నీరు నెమ్మదిగా, అడ్డంగా ప్రయాణించాలి. అందుకే పొడవు వెడల్పుకు 2 నుంచి 4 రెట్లు ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. రెండేళ్లకోసారి తీయించే లెక్కన 10 మందికి పొడవు 2 మీటర్లు, వెడల్పు 90 సెంటీమీటర్లు, నీటి లోతు 1.4 మీటర్లు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ సరిపోతుంది. గుండ్రటి వరల బావిలో ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఎదురెదురుగా మూడడుగుల దూరంలో ఉంటాయి. వచ్చిన నీరు వచ్చినట్టే దాటిపోతుంది. రెండు చివర్లా టీ (T) ఆకారపు పైపు, దాని కింది కొస నీటిలోకి దిగేలా, తప్పనిసరి, అవుట్‌లెట్ ఇన్‌లెట్ కన్నా 2 అంగుళాలు కిందికి ఉండాలి. టీ బదులు ఉత్త పైపు పెడితే పైన తేలే తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది.

బెల్లం, పేడ, ఈస్ట్ మీద పెద్దగా చెప్పేదేం లేదు. కావలసిన బ్యాక్టీరియా మలంలోనే బోలెడుంది. ఈస్ట్ తినేది చక్కెరను, మడ్డిలోని పీచును కాదు. బెల్లం పులిసి బుడగలు లేస్తే అడుగున కుదురుకున్న మడ్డి కదిలి అవుట్‌లెట్ వైపు పోతుంది. పేడలో ఉన్నదే పీచు, బకెట్ పేడ పోస్తే బకెట్ మడ్డి పెరిగినట్టు.

ఎండిన బోరు మాట మాత్రం ప్రమాదకరం. ట్యాంకు నుంచి వచ్చే నీరు తేటగా కనిపించినా అందులో రోగక్రిములు అలాగే ఉంటాయి. వాటిని ఆపేది మట్టి పొర. బోరు ఆ పొరను దాటించి మురికిని నేరుగా రాతి పగుళ్లలోకి దింపుతుంది. తెలంగాణలో చాలాచోట్ల పక్కింటి బోరుకు నీరొచ్చేది ఆ పగుళ్ల నుంచే. ఇంకుడు గుంత తాగునీటి బావికి, బోరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. గుంత తవ్వే ముందు అడుగు చదరపు గొయ్యి తీసి, రాత్రంతా నీళ్లతో నాననిచ్చి, మర్నాడు మళ్లీ పోసి చూడండి. అంగుళం దిగడానికి అరగంట కన్నా ఎక్కువ పడితే అక్కడ గుంత పనిచేయదు. అరగంట దాటినా గంట లోపే దిగితే లోతు తక్కువగా, పొడవుగా గులకరాళ్ల కందకం వేయొచ్చు. నల్లరేగడిలో గంట దాటడం మామూలే, అక్కడ 20 ఎంఎం కంకర నింపిన ఫిల్టర్ గది కట్టాల్సిందే.

తీయించాలా వద్దా అన్నది తెలుసుకోవడానికి పొడుగు కర్రకు తెల్ల గుడ్డ చుట్టి, అవుట్‌లెట్ టీ గుండా అడుగుదాకా దించి, రెండు నిమిషాలు ఉంచి తీయండి. నల్లగా మారిన మేర మడ్డి. తెట్టుతో కలిపి నీటి లోతులో మూడో వంతు దాటితే బండిని పిలవండి. భూగర్భ జలం పైకున్న చోట బండి వెళ్లగానే నీళ్లతో నింపాలి. లేకపోతే ఖాళీ ట్యాంకును చుట్టూ ఉన్న నీరు పైకి నెట్టి గోడ పగలగొడుతుంది.

ఇదే సలహాలో ఇంకో వాక్యం కూడా కనిపిస్తోంది: మూత తీసి గంట వదిలేస్తే మనిషి దిగొచ్చని. దిగకూడదు. మడ్డిని కదిపినప్పుడల్లా హైడ్రోజన్ సల్ఫైడ్ కొత్తగా లేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసనే పట్టలేదు, వాసన పోయిందనుకున్న మనిషి అప్పుడే పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. లోపల ఎవరైనా పడితే వెనకే దిగకండి. బీడీ, దీపం దగ్గరికి తేకండి. మూతలన్నీ తెరిచి, 101కీ 108కీ ఫోన్ చేయండి.