ఇసుక పోస్తే రేగడి ఊరుకుంటుందా?

గుంటూరు చుట్టుపక్కల స్థలాలు కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది: "నల్లరేగడని భయపడకండి. అయిదడుగులు తవ్వి ఇసుక నింపండి, ఫుటింగుల్లో (స్తంభాల కింది పునాది దిమ్మల్లో) స్టీలు పెంచండి, పైన ఇంకో అంతస్తు వేస్తే ఆ బరువుకి మట్టి లేవదు. పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) అంటూ ఇంజినీర్లు చెప్పేది డబ్బు గుంజడానికే."

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది, అసలు గొడవ అదే. ముందు ఇసుక సంగతి. ఇసుక ఉబ్బదు, నిజమే. నీటిని ఆపనూ ఆపదు. చుట్టూ రేగడి పెట్టుకుని మధ్యలో ఇసుక పోస్తే నేలలో తొట్టి కట్టినట్టే. వాన నీళ్లూ, బాత్రూం పైపు లీకులూ అందులోకి దిగి నిలుస్తాయి. పక్కనా అడుగునా ఉన్న రేగడి వాటిని తీరిగ్గా పీల్చుకుని ఉబ్బుతుంది. మట్టి మార్చడం మంచి పద్ధతే, ఇసుకతో మార్చడమే తప్పు. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి (Katti) అనే ప్రొఫెసర్ పరిశోధించి చెప్పింది, ఉబ్బే గుణం లేకుండా కాస్త జిగురున్న మట్టిని దాదాపు మీటరు మందాన, పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలని. మనవైపు దొరికే గ్రావెల్ పనికి రావచ్చు. కానీ లారీవాడి మాట కాదు, పరీక్ష ముఖ్యం.

స్టీలు పెంచితే ఫుటింగు విరగదు, అంతే. వానాకాలంలో గోడ వెంట మట్టి ముందు తడిసి లేస్తుంది, ఇంటి నడుమ మట్టి కదలదు. ఎండాకాలంలో అంచులే ముందు ఆరి కుంగుతాయి. ఒక ఫుటింగు లేచి పక్కది లేవకపోతే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తుంది, తలుపు పట్టేస్తుంది. ఫుటింగులోని కడ్డీ దాన్నేం ఆపుతుంది?

ఇక బరువు. తడిసిన రేగడి ఉబ్బు ఒత్తిడి చదరపు మీటరుకు 20 టన్నులు దాటడం అరుదేమీ కాదు. మామూలు ఇంటి పునాది వేసే భారం తరచూ అందులో సగం కూడా ఉండదు. పైగా ఆ భారమంతా స్తంభాల కిందే. గదుల్లో ఫ్లోరింగు మీద బరువేముంది? అందుకే టైల్స్ ముందు లేస్తాయి.

పైల్స్ మోసమన్న మాటకొస్తే, అండర్ రీమ్డ్ పైల్‌ను ఇలాంటి నేలల కోసం అభివృద్ధి చేసింది రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ. కాండం వ్యాసానికి సాధారణంగా రెండున్నర రెట్ల గడ్డ అడుగున ఉంటుంది. రేగడి లోతుగా ఉంటే 3.5 మీటర్ల దాకా, అంటే కాలాన్ని బట్టి తడి మారే పొర దాటేదాకా దింపుతారు. చిన్న ఇళ్లకు చేత్తో తిప్పి గొయ్యి తవ్వే ఆగర్‌తోనే తవ్వొచ్చు. అసలు చెడగొట్టేది పైన: పైల్స్ మీద గోడలను మోసే ప్లింత్ బీమ్ కింద ఖాళీ వదలాలి. మేస్త్రీలు షటరింగ్ ఖర్చు మిగులుతుందని నేరుగా మట్టిమీదే పోస్తే, ఉబ్బిన నేల బీమ్‌నే ఎత్తేస్తుంది.

అన్ని స్థలాలకూ పైల్స్ అక్కర్లేదు. మట్టి ఎంత ఉబ్బుతుందో ముందు చూసుకోవాలి. ల్యాబ్‌లో జల్లించిన పొడిమట్టిని 10 గ్రాముల చొప్పున ఒక జాడీలో నీళ్లలో, ఇంకోదాంట్లో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు. నీళ్లలోని మట్టి పరిమాణం దానికంటే 50 శాతం మించి పెరిగితే, ఇసుక లారీకి ఫోన్ చేసేముందు ఇంజినీరుని పిలవండి.