మూడడుగుల పంజరం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పంజరం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీ లోపలున్న ఉభయులూ కుశలంగా లేరు. ఎలుక జాతి పెంపుడు జీవి గినీ పిగ్ ఒకటి పొద్దుటి నుంచి మీ తీగనే పళ్లతో పట్టి గుంజుతోంది. రెండోది మూలకు ఒదిగి, ముందు పాదం కాస్త ఎత్తి పట్టుకుని కూర్చుంది. దించితే మీ నేల ఒత్తుకుంటుంది మరి. తీగ నేల మీద నెలల తరబడి నడిస్తే అరికాలు ఎర్రబారి, పగిలి, పుండవుతుంది. బతికేది ఐదు నుంచి ఎనిమిదేళ్లు. అన్నాళ్లూ జల్లెడ మీదే కాపురమన్నమాట.

మీ పొడవు 24 అంగుళాలు, వెడల్పు 18. లెక్క కడితే మూడు చదరపు అడుగులు. వామనుడు అడిగిందీ మూడడుగులే. ఆయన అడుగుల్లో ముల్లోకాలూ పట్టాయి, మీ అడుగుల్లో పది అంగుళాల జీవాలు రెండు పట్టడం లేదు.

మీ వంశం సంగతి మాకు తెలుసు. అదే గులాబీ రంగు తీగ, అదే లాగుడు ట్రే. సోమవారం లవ్ బర్డ్స్ పంజరం, మంగళవారం కుందేలు పంజరం, బుధవారం గినీ పిగ్ పంజరం. పేరు మారుతుంది గానీ కొలత మారదు. గినీ పిగ్ ఎగరదు, పెద్దగా ఎక్కదు. పరిగెడుతుంది. హుషారొస్తే ఉన్నచోటే గాల్లోకి గెంతి మెలి తిరుగుతుంది. దానికి కావాల్సింది నేల. మీరేమో నేల కోసేసి మేడలు వేశారు. అడిగితే "మూడంతస్తులండీ, మొత్తం కలిపితే బోలెడు చోటు" అంటారు. ఫ్లాట్లు కొన్నవాళ్ల దగ్గరా ఈ మాటలు? లిఫ్టుకీ మెట్లకీ కూడా చదరపు అడుగు లెక్కన డబ్బు కట్టిన జాతి మాది. బిల్డర్లనే కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య నిజంగా వాడుకునే నేల, చెప్పి అమ్మమంది 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం రెరా. అదే టేపు మీకూ పెడితే కార్పెట్ ఏరియా మూడడుగులు. మిగతాది సూపర్ బిల్టప్.

ఒక జతకు కనీసం ఏడున్నర చదరపు అడుగులు, హాయిగా ఉండాలంటే పదిన్నర. పెంపకంలో తల పండినవాళ్లు చెప్పే లెక్క ఇది. రెండూ మగవైతే పదిన్నరకు తగ్గకూడదు. ఒకటి కోపంగా పళ్లు కటకటలాడించినప్పుడు రెండోది తప్పుకుపోవడానికి దారి లేకపోతే వ్యవహారం రక్తం దాకా పోతుంది. "ఒక్కదాన్నే పెంచుకోండి, సరిపోతుంది" అన్న మీ సలహా కూడా చెవిన పడింది. మందలో బతికే జీవి అది. ఒంటరిగా ఉంచడానికి స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి చట్టమే ఒప్పుకోదు.

ఇక మీ బ్రహ్మాస్త్రం: "టూ బీహెచ్‌కేలో పదడుగులు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

డైనింగ్ టేబుల్ కింద నుంచి తెస్తాం. ఆరుగురు కూర్చునే బల్ల సుమారు 60 అంగుళాల పొడవు, 36 వెడల్పు. మేం కట్టే గూడు 56 పొడవు, 28 వెడల్పు. బల్ల కాళ్ల మధ్య అడ్డంగా 30 అంగుళాలు దొరికితే చాలు, గూడు నిలువుగా దూరిపోతుంది. భోజనాలు ఎలాగూ టీవీ ముందు సోఫాలోనే. బల్ల పైభాగం ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలది, కిందిభాగం ఇన్నాళ్లూ దుమ్ముది. దివాన్ మంచం కింద మాత్రం పెట్టం. అక్కడ పెడితే వంగి ఊడ్చే ఓపిక రెండో వారానికే అయిపోతుంది. బాల్కనీ అసలే వద్దు. ఎండ, పిల్లి, కాకి, మూడూ అక్కడే కాపు కాస్తాయి.

గోడలకు 14 అంగుళాల చదరపు వైర్ పలకలు తీసుకుంటాం, బట్టలు సర్దుకునే క్యూబ్ షెల్ఫులకు వచ్చేవే. పొడవుకు నాలుగు, వెడల్పుకు రెండు, చుట్టూ కలిపి పన్నెండు. కొనేముందు కన్నం కొలవాలి. ఒకటిన్నర అంగుళం దాటితే గినీ పిగ్ పిల్లల తల అందులో దూరుతుంది గానీ వెనక్కి రాదు. పలకలతో వచ్చే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలను నమ్మకూడదు, చీపురు తగిలినా ఊడతాయి. ప్రతి అతుకుకీ మూడు జిప్ టైలు (లాగి బిగించే ప్లాస్టిక్ కట్లు) వేస్తే 36 అవుతాయి. తోకలు బయటివైపే ఉండాలి, మొదలంటా కత్తిరించాలి. కొస మిగిలితే శుభ్రం చేసేటప్పుడు మణికట్టు మీద గీత పడుతుంది. ముందువైపు ఒక పలకను ఒక నిలువు అంచునే, అదీ వదులుగా కడితే తలుపైపోయింది. గడియ బదులు బైండర్ క్లిప్పు.

నేల విషయానికొస్తే, మీ జల్లెడకు మా జవాబు సన్‌ప్యాక్ షీటు, రెండు పొరల మధ్య సన్న గొట్టాలుండే ప్లాస్టిక్ అట్ట. టులెట్ బోర్డులకూ, కోచింగ్ సెంటర్ల ర్యాంకుల బోర్డులకూ, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలకూ వాడేదే. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో అడిగితే 8 అడుగులకు 4 అడుగుల షీటు దొరుకుతుంది. నాలుగు మిల్లీమీటర్ల మందం బాగుంటుంది. అందులోంచి 68 అంగుళాల పొడవు, 39 వెడల్పు ముక్క కోయాలి. నాలుగు వైపులా ఆరేసి అంగుళాలు పైకి మడిస్తే అడుగున 56కు 27 మిగులుతుంది. అంటే కచ్చితంగా పదిన్నర చదరపు అడుగులు.

ఎక్కువమంది చెయ్యి కాల్చుకునేది ఈ మడత దగ్గరే. కటర్‌తో గీత ఎప్పుడూ షీటు అడుగువైపున, అంటే తర్వాత బయటికి వచ్చే వైపున పెట్టాలి. గీసిన వైపు పొర ఒక్కటే తెగాలి, రెండో పొర ముట్టుకోకూడదు. తర్వాత గీతకు ఎదురువైపుకి మడిస్తే గీత బయట నోరు తెరుస్తుంది, లోపలి పొర నున్నగా అతుకు లేకుండా వంగుతుంది. తొందరపడి లోపలివైపు గీశారా, ఉచ్చ ఆ చీలికలోంచి షీటు గొట్టాల్లోకి దిగుతుంది. పైన ఎంత తుడిచినా వాసన పోదు. ఇంట్లోవాళ్లు నింద జంతువు మీద వేస్తారు. నాలుగు మూలల్లో మడత దాకా ఒక్కో కోత పెట్టి, చెవిని బయటివైపుకి తిప్పి టేపు వేయాలి. టేపు లోపల వేస్తే సాయంత్రానికి గినీ పిగ్‌ల కడుపులో ఉంటుంది. పై అంచు కొరుకుతుంటే ప్రాజెక్టు రిపోర్టులకు వేసే స్టిక్ ఫైలు పట్టీలు వరసగా తొడిగేయడమే.

వాడిన బోర్డే దొరికితే బొమ్మ ఉన్న వైపు కిందికి పెట్టండి. ఆ చిరునవ్వు పైకి ఉండటమే న్యాయమని ఎవరికైనా అనిపిస్తే అర్థం చేసుకోగలం. కానీ రంగూ స్టిక్కరూ కొరికితే బాధపడేది గినీ పిగ్, నాయకుడు కాదు.

పరుపు కోసం కలప డిపో నుంచి రంపపు పొట్టు తెచ్చుకోమంటారు మీరు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దేవదారు జాతి పొట్టయితే ఆ ఘాటు ఇంకా చెరుపు. మేం ఫ్లీస్ దుప్పటి వాడతాం. 60కి 90 అంగుళాల దుప్పటి ఒకటి కోస్తే 60కి 30 ముక్కలు మూడొస్తాయి. ఒకటి గూట్లో, ఒకటి బట్టలారేసే తీగ మీద, ఒకటి చేతిలో. కొత్త ఫ్లీసు నీటిని దించదు, పైనే ముత్యాల్లా నిలబెడుతుంది. కంఫర్ట్ లాంటి బట్టలు మెత్తబరిచే ద్రవాలేవీ వేయకుండా వేడి నీళ్లలో మూడు నాలుగుసార్లు ఉతికి, ఒక చెంచా నీళ్లు పోసి చూడాలి. కిందికి దిగిపోతే సిద్ధమైనట్టు. దాని కింద పాత టర్కీ తువ్వాళ్లు రెండు పొరలు. పెంటికలు రోజూ ఊడవాలి, గుడ్డ మూడు నాలుగు రోజులకు మార్చాలి. ఉతికే ముందు దులపకపోతే వెంట్రుకలన్నీ వాషింగ్ మెషీన్ ఫిల్టర్లో చేరతాయి. షీటు మీద తెల్లగా పేరుకునే ఉచ్చ మరకకు సబ్బు పనిచేయదు, వెనిగర్ పోసి పది నిమిషాలు ఆగాలి.

మీరు గొప్పగా చెప్పుకునే మేడ మేమూ కట్టగలం, షీటులో ముక్క మిగిలే ఉంది. కానీ లెక్క చూడండి. పద్నాలుగు అంగుళాల ఎత్తుకి ముప్ఫై డిగ్రీల వాలుతో ఎక్కాలంటే మెట్టుబాట 28 అంగుళాలు ఉండాలి. అడుగు వెడల్పు వేసుకున్నా అది కింద రెండు చదరపు అడుగులు మింగుతుంది. పైన దక్కేది రెండు పలకల మేర, రెండున్నర పైచిలుకు. రూపాయి కోసం ముప్పావలా ఆటో ఎక్కడం లాంటిది. పైగా బల్ల కింద మేడకు తావేదీ? ఆ ముక్కతో ఎండుగడ్డి తొట్టె చేస్తే నయం. రోజంతా నమిలేది గడ్డే, నమలకపోతే పెరిగే పళ్లు అరగవు. రెండు అట్టపెట్టెలు బోర్లించి ఒక్కోదానికి రెండేసి గుమ్మాలు కోయాలి. ఒకే గుమ్మం ఉంటే బలమైనది అడ్డం పడుకుని రెండోదాన్ని గృహనిర్బంధం చేస్తుంది. నీళ్ల సీసాలు కూడా రెండు.

వేసవి గురించి మీరు ఎప్పుడూ నోరు విప్పలేదు. వాటికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. ముప్ఫైకి చేరితే ప్రాణం మీదికొస్తుంది, మన మే నెలేమో నలభై దాటుతుంది. బల్ల కింద నేల మీద ఉండటం అప్పుడు అక్కరకొస్తుంది, ఇంట్లో చల్లనిచోటు నేలే. ఒక అడుగు చదరపు తాండూరు బండ ముక్క లోపల పడేస్తే మధ్యాహ్నాలు దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటాయి, నడిచినప్పుడు గోళ్లూ కాస్త అరుగుతాయి. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. కూలర్ గాలి తిన్నగా తగలకూడదు.

మీ ఇనుప చక్రం వాపసు పంపుతున్నాం, అందులో పరిగెత్తితే వాటి వెన్ను దెబ్బతినొచ్చు. మిమ్మల్ని మాత్రం పంపడం లేదు. గాలి నాలుగు వైపులా ఆడుతుంది, అడుగు జల్లెడ, తడి నిలవదు, ట్రేలో పొట్టు రాలుతుంది. వంటింట్లో సింకు పక్కన చోటు చూశాం. రేపటి నుంచి మీలో ఐదు కిలోల ఉల్లిపాయలుంటాయి.

ఇట్లు,
కటరూ, స్టీలు స్కేలూ, టేపూ పట్టుకుని బల్ల కింద కూర్చున్నవాళ్లు