బెదురు పిల్లికి తొందర లేని ఇల్లు

‘కొంచెం సిగ్గరి. ప్రేమగా చూసుకుంటే మారిపోతుంది.’ షెల్టర్‌లో ఏ బోనుకైనా ఈ రెండు వాక్యాల చీటీ వేలాడుతుంటే, లోపల పిల్లి ఎక్కడుందో వెతుక్కోవాలి. మలమూత్రాలకు పెట్టే లిట్టర్ ట్రే వెనకో, ఒక్కోసారి ఆ ట్రేలోనే, గోడకు ముఖం పెట్టి ముడుచుకుని ఉంటుంది. చూడవచ్చినవాళ్లు వంగి, ఒక్క క్షణం చూసి, పక్క బోను దగ్గరికి వెళ్లిపోతారు. అక్కడ మరో పిల్లి ఊచల మధ్య నుంచి కాలు చాపి వాళ్ల చొక్కా పట్టుకుంటూ ఉంటుంది.

నేనూ కొంతకాలం అలాంటి చీటీలు రాశాను. ఆ రెండు వాక్యాలూ అబద్ధాలేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మంచి మనసుతో ఆడిన అబద్ధాలే కావచ్చు. కానీ బెదురు పిల్లికి ఇల్లు దొరకకపోవడంలో, దొరికిన ఇల్లు నిలవకపోవడంలో వాటి పాత్ర చిన్నదేమీ కాదు.

ముందు సిగ్గు సంగతి. సిగ్గుపడే పిల్లి తలుపు చాటు నుంచి తొంగి చూస్తుంది, కాసేపటికి తానే బయటికి వస్తుంది. మనం మాట్లాడుతున్నది కంటిపాపలు నల్లగా విప్పారి, చెవులు తలకు అంటుకుపోయి, తోకను ఒంటికి చుట్టుకుని, ఊపిరి కూడా పైపైన తీసుకుంటున్న జీవి గురించి. దగ్గరికి వస్తున్న చేయి దానికి తనను పట్టి తినబోయే నోరులా కనిపిస్తుంది. పశువుల విషయంలో ‘బెదురుగొడ్డు’ అనే మాట మనకు ఉండనే ఉంది. ఆ మాట అన్నామంటే, దగ్గరికి వెళ్లేటప్పుడు చూసుకుని వెళ్లమని ముందే చెప్పినట్టు. పిల్లి చీటీ మీద కూడా ఆ మాట రాయడానికి మనకెందుకో మొహమాటం.

ఈ బెదురు ఎక్కడ మొదలవుతుందో చాలావరకు తెలుసు. పిల్లికూనకు పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఒక అదును ఉంటుంది. ఆ అదునులో మనుషుల చేతులు, గొంతులు, వాసనలు పరిచయమైతే మనిషి దాని లోకంలో ఒక భాగమైపోతాడు. అదును దాటాక వేసిన విత్తనం అసలే మొలవదని కాదు గానీ, చాకిరీ ఎక్కువ, పంట తక్కువ. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఎలీన్ కార్ష్ 1980ల నాటికి చేసిన ప్రయోగాల్లో, మూడో వారం నుంచి మనుషులు చేతుల్లోకి తీసుకుంటూ వచ్చిన కూనలు, ఏడో వారంలో ఆ అలవాటు మొదలైన కూనల కంటే మనిషి దగ్గరికి త్వరగా వచ్చాయి, ఎక్కువసేపు నిలిచాయి. పుట్టుక పాత్ర కూడా ఉంది. సాండ్రా మెక్‌యూన్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులతో కలుపుగోలుగా ఉండే మగపిల్లికి పుట్టిన కూనలు కొత్త మనుషుల దగ్గరికే కాదు, కొత్త వస్తువుల దగ్గరికి కూడా చొరవగా వెళ్లాయి. తండ్రి పెంపకంలో అవి పెరగలేదు. ఆ ధైర్యం రక్తంలోనే వచ్చిందన్నమాట.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, బెదురు పిల్లిని చూడగానే ‘పాపం, ఎవరో కొట్టి ఉంటారు’ అనే కథ అల్లుకోవడం మనకు అలవాటు. కొట్టినవాళ్లు ఉండవచ్చు కూడా. కానీ చాలా సందర్భాల్లో దాన్ని ఎవరూ కొట్టలేదు, కావలసిన వయసులో ఎవరూ దగ్గరికే రాలేదు. కొట్టారన్న కథ జాలి పుట్టిస్తుంది, ఆ జాలి సరిపడని మనిషిని షెల్టర్ దాకా నడిపిస్తుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

షెల్టర్‌లో మొదటి రోజుల్లో మూడు రకాల పిల్లులు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి, నిన్నటిదాకా ఎవరి పక్కలోనో పడుకుని, ఈ చోటును చూసి గుండె జారిపోయిన ఇంటి పిల్లి. రెండోది, మనుషుల అలికిడి తెలిసినా వారి స్పర్శ తెలియని పిల్లి. మూడోది, మనిషితో ఏ సంబంధమూ లేకుండా పెరిగి పెద్దదైనది. మూడూ గోడకు అంటుకునే ఉంటాయి, మూడూ బుసకొడతాయి. పిల్లులకు మనకు వినబడని హెచ్చు స్థాయి శబ్దాలు కూడా వినబడతాయి. అలాంటి చెవులకు కుక్కల మొరుగుడు, ఇనుప తలుపుల చప్పుడు, ఫినాయిల్ ఘాటు, గంటగంటకూ మారే ముఖాలు కలిసి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన పరిశోధకులు కెస్లర్, టర్నర్ 1997లో పిల్లి ఒత్తిడిని కొలవడానికి ఏడు మెట్ల కొలమానం ఇచ్చారు. ఆ మెట్ల మీద పైన నిలిచిన పిల్లి స్వభావాన్ని ఆ రోజే తేల్చడం, జ్వరంతో ఉన్నవాడికి పరుగుపందెం పెట్టి సోమరి అని రాసుకోవడంతో సమానం.

ఆ స్థితిలో అట్టపెట్టె ఒక్కటి ఉన్నా తేడా కనబడుతుంది. నెదర్లాండ్స్ షెల్టర్‌లో కొత్తగా వచ్చిన 19 పిల్లుల మీద జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన పిల్లులు మూడు నాలుగు రోజులకే తేరుకోవడం మొదలుపెట్టాయి, పెట్టె లేనివి వెనకబడ్డాయి. అయినా చాలా చోట్ల పెట్టె పెట్టరు. పెడితే సందర్శకులకు పిల్లి కనబడదని వారి బాధ. పెట్టకపోతే దాని భయమే కనబడుతుంది. దాన్ని చూసి ఎవరు తీసుకువెళతారు?

ఇక రెండో అబద్ధం, ప్రేమతో మారిపోతుందనేది. నాకు అసలు పేచీ ఇక్కడే.

బెదురు పిల్లి కోసం ఎక్కువగా ముందుకు వచ్చేది జాలిగుండె మనుషులు. వారిని తప్పు పట్టడానికి మనసొప్పదు. కానీ ఆ జాలి వెనక చాలాసార్లు ఒక లెక్క ఉంటుంది: నేను దీన్ని కాపాడతాను, ఇది నన్ను నమ్ముతుంది, ఒకరోజు నా ఒడిలోకి వస్తుంది. ఇంటికి తెచ్చిన రాత్రే మంచం కిందికి చేయి పెడతారు. మర్నాడు పక్కింటివారికి చూపించడానికి టార్చి వేస్తారు. మూడో రోజు ‘బయటికి తీసి ఎత్తుకుంటే అలవాటవుతుంది’ అని ఎవరో సలహా ఇస్తారు. గదిలో పెట్టి కొడితే పిల్లి అయినా తిరగబడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే వెళ్లడానికి దారి లేని చోట ముద్దు చేయబోయినా దానికి కొట్టినట్టే ఉంటుంది. గోరు పడుతుంది, రక్తం వస్తుంది. నెల తిరక్కుండా పిల్లి షెల్టర్‌కు తిరిగి వస్తుంది, ‘కరుస్తుంది’ అన్న కొత్త మాట చీటీకి ఎక్కుతుంది. తల్లిపిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఈ పిల్లిని మనుషులు తిప్పుతారు. ఒక్కో ఇల్లు మారినప్పుడల్లా దాని నమ్మకం మరికాస్త తరుగుతుంది.

అందుకే, వినడానికి మొరటుగా ఉన్నా, ఈ పిల్లికి ఇల్లు వెతికేవారు ప్రేమ తక్కువగా ఉన్నట్టు కనిపించే ఇంటి వైపు చూడాలని నా అభిప్రాయం. తన పనిలో తాను మునిగి ఉండే మనిషి. వచ్చీపోయేవారు తక్కువ. గొంతు పెద్దది కాదు, రోజూ ఒకే వేళకు లేచి ఒకే వేళకు పడుకునే రకం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరన్నది మామూలు పిల్లికి లోపమేమో గానీ, దీనికి వరం. షెల్టర్‌కు వచ్చి ప్రతి బోను దగ్గరా మురిసిపోయేవారికి మనం పూర్తి మార్కులు వేస్తాం. మూలన నిలబడి ‘ఏదైనా పరవాలేదు, ఎవరికీ అక్కరలేనిది ఉంటే ఇవ్వండి’ అనే ముభావి మీద అనుమానపడతాం. నా చేతిలో ఉంటే ఈ లెక్క తిరగరాస్తాను. అడగవలసిన ప్రశ్న కూడా ఒక్కటే: ఆరు నెలలు గడిచినా పిల్లి మీ ముందుకు రాకపోతే ఏం చేస్తారు? ‘అలా జరగదు, నా దగ్గరికి అన్నీ వస్తాయి’ అన్నవారికి వేరే పిల్లిని చూపించాలి. ‘తిండి తింటోందా లేదా?’ అని ఎదురు ప్రశ్న వేసినవారి పేరు రాసుకోవాలి.

చిన్నపిల్లలు, కుక్క ఉన్న ఇల్లు వద్దని చాలామంది తేలిగ్గానే ఊహిస్తారు. ఊహించనిది ఇంకొకటి: మనుషులంటే బెదిరే పిల్లికి మరో పిల్లి అంటే తరచుగా బెదురు ఉండదు. మనుషులతో చనువున్న నెమ్మది పిల్లి ఒకటి ఇంట్లో ఉంటే, అది మనిషి కాళ్లకు రాసుకోవడం కొత్త పిల్లి దూరం నుంచి చూస్తుంది. మనం ఎంత బతిమాలినా నేర్పలేనిది అలా నేర్చుకునే అవకాశం ఉంది. అయితే ఆ రెంటినీ మొదటి రోజే కలపకూడదు. కొన్నాళ్లు తలుపుకు అటూ ఇటూ ఉండి వాసనలు పరిచయం కావాలి.

ఇల్లు దొరికాక ఓర్పు అనేది మనసులో ఉంటే చాలదు, గదిలో కనబడాలి. మొదట ఇల్లంతా వదలకుండా ఒకే చిన్న గది ఇవ్వాలి. మంచం కింద, బీరువా వెనక ఖాళీలు ముందే మూసేయాలి. బదులుగా మనం ఎంచిన చోట రెండు వైపులా తోవ ఉన్న పెట్టె, ఎత్తున కూర్చోవడానికి ఒక అర, తిండికి దూరంగా లిట్టర్ ట్రే. పిల్లిని తెచ్చిన బుట్టను అటక ఎక్కించకుండా తలుపు తీసి అక్కడే ఉంచితే రేపు పశువైద్యుడి దగ్గరికి వెళ్లవలసి వచ్చినప్పుడు యుద్ధం తప్పుతుంది. కిటికీకి గట్టి జాలీ ఉండాలి. మొదటి వారాల్లో బయటపడ్డ బెదురు పిల్లి పిలిస్తే పలకదు. పది అడుగుల దూరంలో ఉండి కూడా కిక్కురుమనదు.

ఆ తర్వాత మనిషి చేయవలసింది చాలావరకు ఏమీ చేయకపోవడమే. వేళకు గిన్నె పెట్టి, నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, పత్రిక ఏదైనా మెల్లగా పైకి చదువుకోవాలి. చూపు తగిలితే కళ్లు నెమ్మదిగా అరమోడ్చి తెరవాలి. ఇది పిల్లిప్రేమికుల మూఢనమ్మకమని నేను చాలాకాలం అనుకున్నాను. ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపిందేమిటంటే, అలా కళ్లు మూసి తెరిచిన కొత్త మనిషి చేతి దగ్గరికి పిల్లులు రావడం ఎక్కువైంది. అదే బృందం షెల్టర్ పిల్లులను గమనిస్తే, మనిషి సైగకు జవాబుగా కళ్లు మూసి తెరిచినవాటికి ఇల్లు త్వరగా దొరికింది. మనుషులంటే ఎక్కువ ఆందోళన పడే పిల్లులు ఆ సైగను ఇంకా ఎక్కువగా చేసే ధోరణి కూడా వారికి కనిపించింది. మాట్లాడాలని ఉన్నది మనకే అనుకుంటాం!

ఓర్పు పేరుతో పట్టించుకోకపోవడం మాత్రం ప్రమాదం. రెండు మూడు రోజులకు మించి ఏమీ తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒత్తిడికి ఒంట్లో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ వైరస్ తిరగబెట్టి తుమ్ములు, కంటి నీరు మొదలవుతాయి. కాబట్టి పిల్లి కనబడకపోయినా ఖాళీ అయిన గిన్నె, తడిసిన ట్రే రోజూ లెక్కలో ఉండాలి. అవసరమైతే పశువైద్యుడు ఆందోళన తగ్గించే మందు ఇస్తారు. మందు వాడటం ప్రేమ చాలకపోవడం కాదు, కాలు విరిగితే కట్టు కట్టడం లాంటిదే.

పిల్లి కొత్త ఇంటికి అలవాటుపడటానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అనే లెక్క ఒకటి షెల్టర్లలో ప్రచారంలో ఉంది. మామూలు పిల్లికి అది పనికొచ్చే అంచనాయే. బెదురు పిల్లి విషయంలో అది గడువుగా మారిపోతుంది. తొంభై ఒకటో రోజున ‘ఇంకా మారలేదు’ అని ఫోను వస్తుంది.

‘ముందు షెల్టర్‌లోనే మచ్చిక చేసి, ఆ తర్వాత ఇల్లు చూడవచ్చు కదా’ అనే వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయలేను. కెనడా షెల్టర్‌లో నడీన్ గూర్కోవ్ బృందం ఆందోళనతో ఉన్న పిల్లులకు రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాల చొప్పున, పది రోజులు మృదువుగా నిమురుతూ మాట్లాడితే వాటి ఆందోళన తగ్గింది, జలుబు జబ్బులూ తగ్గాయి. 2014లో ఇది ప్రచురితమైంది. నలభై నిమిషాలు కేటాయించగల మనుషులున్న చోట తప్పక చేయాలి. కానీ ‘సిద్ధమయ్యాకే పంపుదాం’ అన్నది నియమంగా మారితే, ఏ చోటు దాన్ని భయపెడుతోందో ఆ చోటే ధైర్యం నేర్పేదాకా అది బోనులో ఉండాలి. నెలలు గడుస్తాయి. తాత్కాలికంగా ఎవరింట్లోనైనా ఉంచడం దీనికంటే మేలు. కుదిరితే అదే ఇల్లు శాశ్వతమయ్యే ఏర్పాటు ఇంకా మేలు. ఆ ఇంటి మనిషికి తెలిసేవి బోను ముందు నిలబడ్డవారికి తెలియవు: రాత్రి రెండింటికి బంతితో ఆడుతుందని, చీపురు చూస్తే వణుకుతుందని, గిన్నె చప్పుడుకు తోక నిలబెడుతుందని.

మూడో రకం పిల్లికి, అంటే మనిషి పొడ లేకుండా పెరిగి పెద్దయినదానికి, ఎంత మంచి ఇల్లైనా చెరసాలే కావచ్చు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి, అది పెరిగిన చోటే, తిండి పెట్టేవారున్న చోటే వదలడం దాని పట్ల న్యాయం. దాన్ని ఇంటి పిల్లిగా మార్చి తీరాలన్న పట్టుదలలో పిల్లి కంటే మన గొప్పే ఎక్కువ.

ఆ రెండు వాక్యాల చీటీ మళ్లీ రాయవలసి వస్తే ఇలా రాస్తాను: ‘బెదురు పిల్లి. ఎత్తుకోనివ్వదు, ఎప్పటికీ ఎత్తుకోనివ్వకపోవచ్చు. మీరు నిద్రపోయాక ఇల్లంతా తిరుగుతుంది. ఖాళీ గది ఒకటి, మూసి ఉంచే తలుపు కావాలి. పిల్లి పెట్టెలో ఉంది, దయచేసి వంగి చూడకండి. అడిగితే రాత్రి తీసిన వీడియో చూపిస్తాం.’