పైకి 200, లోపల ఎర్రర్

ఒక పేమెంట్ సర్వీసును మా సైటుకు కలిపిన కొత్తలో జరిగింది. రాత్రి పదింటికి ఫోన్లు మొదలయ్యాయి. డబ్బు కట్ కాని వాళ్లకు కూడా ‘ఆర్డర్ ఖాయమైంది’ అని మెసేజ్ వెళ్తోంది. డ్యాష్‌బోర్డు చూస్తే అంతా పచ్చగానే ఉంది. లాగ్స్ తీస్తే విషయం బయటపడింది. అవతలి సర్వర్ ప్రతి రిక్వెస్టుకూ 200, అంటే ‘అంతా సవ్యం’ అనే స్టేటస్ నంబరు పంపుతోంది, ‘ఫెయిల్డ్’ అన్న మాట మాత్రం లోపల జేసన్‌లో, అంటే జవాబులోని డేటాలో దాక్కుని ఉంది. అది చదవకపోవడం మా తప్పే. కానీ మధ్యలో ఉండి రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్లు, మానిటరింగ్ టూల్స్ మామూలుగా ఆ నంబరే చూస్తాయి. గ్రాఫ్‌క్యూఎల్ అని, కావాల్సిన డేటాను ఏరి అడిగే పద్ధతి ఒకటుంది; అందులో ఒకే రిక్వెస్టుకు సగం డేటా వచ్చి సగం రాకపోవచ్చు కాబట్టి అక్కడ 200తో పాటు ఎర్రర్ల జాబితా పంపడానికి ఒక కారణం ఉంది. మామూలు రెస్ట్ ఏపీఐకి (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మామూలు పద్ధతికి) ఆ సాకు లేదు.

ఎర్రర్ అందుకున్న ప్రోగ్రామ్‌కు ముందుగా తేలాల్సింది ఒక్కటే: మళ్లీ ప్రయత్నించాలా, మానేయాలా? 400 వస్తే పంపిందే తప్పు, అదే రిక్వెస్టును వందసార్లు పంపినా ఫలితం మారదు. 429 అంటే కాస్త ఆగి రమ్మని. ఎన్ని సెకన్లు ఆగాలో రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో చెబితే ఇంకా మంచిది. అసలు చిక్కంతా 504తోనే. మధ్యవర్తిగా ఉండే గేట్‌వేకి వెనక సర్వర్ నుంచి సమయానికి జవాబు రాలేదు, అంతే. పని జరిగిందో లేదో తెలీదు. గుడ్డిగా మళ్లీ పంపితే డబ్బు రెండుసార్లు కట్ కావచ్చు. పేమెంట్ ఏపీఐలు ఐడెంపొటెన్సీ కీ అడిగేది అందుకే. అదే కీతో రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా పని చేయదు, పాత జవాబే ఇస్తుంది. ఇక డేటాబేస్‌లో డూప్లికేట్ దొరికితే 409 (ఉన్నదానితో పొసగదు) అనకుండా 500 (సర్వర్‌లోనే లోపం) పడేసే సర్వర్లున్నాయి. అవతలి ప్రోగ్రామ్ పాపం తెల్లవార్లూ రిట్రై చేస్తూ కూర్చుంటుంది. పంపిన డేటా తప్పైతే 400 వాడాలా, 422 (రూపం సరే, లోపలి విషయం తప్పు) వాడాలా అన్న వాదనలో మాత్రం నాకు పెద్దగా ఆసక్తి లేదు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడితే చాలు.

ఎర్రర్ ఏ రూపంలో ఉండాలన్నదానికి 2016లోనే ఆర్‌ఎఫ్‌సీ 7807 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది, 2023లో దాని స్థానంలో 9457 వచ్చింది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అని ఐదు ఫీల్డులు. స్ప్రింగ్, ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ లాంటి ఫ్రేమ్‌వర్కులు దీన్ని నేరుగా సపోర్ట్ చేస్తున్నాయి. ఇందులో టైప్ యంత్రం కోసం, డీటెయిల్ మనిషి కోసం. ఈ తేడా తెలియక డీటెయిల్‌లోని వాక్యాన్నే కోడ్‌లో పోల్చి చూస్తే, అవతల ఎవరో స్పెల్లింగ్ దిద్దిన రోజున యాప్ ఆగిపోతుంది. టైప్ స్థిరంగా ఉంటే దాన్నిబట్టి యాప్ తెలుగులో మెసేజ్ చూపించగలదు. లేకపోతే సర్వర్ రాసిన ఇంగ్లీషు వాక్యమే వాడేవాళ్ల ముఖాన పడుతుంది.

ఫారంలో మూడు తప్పులుంటే మూడూ ఒకేసారి చెప్పాలి. ఈరోజు ఫొటో లేదని, రేపు సంతకం లేదని తిప్పే గుమస్తాలా సర్వర్ కూడా తయారైతే ఎలా? అలాగని స్టాక్ ట్రేస్ (కోడ్‌లో ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే జాబితా), డేటాబేస్ టేబుళ్ల పేర్లు బయటపెట్టకూడదు. అవి హ్యాకర్‌కు దారి చూపిస్తాయి. ఒక రిక్వెస్ట్ ఐడీ ఇచ్చి, మిగతా వివరాలు లాగ్స్‌లో దాచుకుంటే సరిపోతుంది.

ఆ పేమెంట్ సర్వీసు వాళ్లకు మెయిల్ పెడితే, ఇప్పుడు మారిస్తే పాత కస్టమర్ల కోడ్ దెబ్బతింటుందన్నారు. అదీ నిజమే. చివరికి మేమే మధ్యలో ఒక చిన్న పొర రాసుకున్నాం. జవాబు విప్పి చూసి, లోపల ‘ఫెయిల్డ్’ ఉంటే సరైన నంబరు తగిలించడమే దాని పని. ఇప్పటికీ నడుస్తోంది.